మంచు వాటా

చిగుసా పరాయిదేశంలో చదువు ముగించుకుని వచ్చి, తాను చేసిన గాజు పలకని మొదటిసారి పెట్టెలోంచి బయటికి తీసిన రోజున మేనత్త కివా దాన్ని గోటితో తట్టి చూసింది. ఎండకి ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"ఇన్నేళ్లూ చదివింది ఇదేనటే?"

"ఇదే అత్తా."

"మా స్నానాల గది కిటికీకీ ఇలాంటి అద్దమే ఉంది. దానికోసం ఎవరూ విమానం ఎక్కలేదు మరి."

చిగుసా నవ్వేసింది. పక్కన చిత్రిక పడుతున్న తండ్రి తొకుజిరో మాత్రం నవ్వలేదు. పని ఆపి, చెల్లెలి చేతిలోంచి పలక తీసుకుని, గుమ్మం వెలుతురులోకి ఎత్తి, దాని వెనక తన చెయ్యి పెట్టాడు. చెయ్యి కనబడలేదు. చెయ్యి ఉన్నచోట వెలుతురు కొంచెం మెత్తబడింది, అంతే.

"ఇది కిటికీ కాదు," అన్నాడు. "కాగితం."

ఆ ఒక్క మాట వినడానికే సముద్రాలు దాటి వెళ్లి తిరిగొచ్చినట్టు అనిపించింది చిగుసాకి.

తొకుజిరో ఇళ్లు కట్టడు. కట్టిన ఇళ్లకి తలుపులు చేస్తాడు. సన్నటి దేవదారు బద్దలతో చట్రం అల్లి, వెనక తెల్లకాగితం అంటించే జారుడు తలుపులు. తొనామి మైదానంలో ఆయన తలుపు లేని ఇల్లు అరుదు. చిటికెనవేలు ఆనిస్తే చాలు, గాడిలో నీటిమీద ఆకులా కదిలిపోయేవి. తల్లి చిన్నప్పుడే పోయిన చిగుసా ఆ కాగితాల వెనకే పెరిగింది. పొద్దుటి వెలుతురు ఆ కాగితంలోకి నీళ్లలో పాలచుక్క పడ్డట్టు వచ్చేది. మధ్యాహ్నం చెట్టునీడ దాని మీద వచ్చి కూర్చునేది. చీకటి పడేముందు కాసేపు, బయట సూర్యుడు లేకపోయినా, కాగితం తనంతట తనే వెలుగుతూ ఉండేది. ఆ కాసేపటిని చేత్తో పట్టుకోవాలని ఆ పిల్లకి ఎప్పుడు పుట్టిందో తెలియదు. పెద్దయ్యాక అది గాజుతో అవుతుందేమో అనుకుంది. గాజు నేర్చుకోవడానికి గాజుపనికి పేరుపడ్డ ఉత్తర బొహీమియాలో ఒక చిన్న ఊరికి వెళ్లింది.

అక్కడ గాజు పుట్టుకతోనే గట్టిగా మాట్లాడేది. కోసి, వజ్రానికిలా పట్టాలు పెట్టి, ప్రతి పట్టా ఒక మెరుపు విసిరేలా చేసేవాళ్లు. ఆమె ఉన్న గదికి పెద్ద కిటికీ ఉండేది. అందులోంచి వెలుతురు చెప్పులు విప్పకుండా ఇంట్లోకి వచ్చేసిన మనిషిలా వచ్చేది. మొదటి చలికాలమంతా ఆ కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంది.

గురువు ద్రహొమీరా పొగాకు వాసన వేసే ముసలావిడ. చిగుసా అచ్చులో పోసి, కొలిమిలో రోజుల తరబడి మెల్లగా చల్లార్చి, ఇసుకతో అరగదీసిన పలకని చూసి పెదవి విరిచింది.

"గాజు నోరు నొక్కేశావు కదమ్మాయ్."

"మా ఇళ్లల్లో వెలుతురు గట్టిగా మాట్లాడదండీ."

"అయితే కాగితం కొనుక్కో. చవగ్గా దొరుకుతుంది."

కోపం వచ్చింది చిగుసాకి. ఆ కోపంతోనే ఊరికి ఫోన్ చేసి, తనకో చట్రం చేసి పంపమని తండ్రిని అడిగింది. ఆయన ఎందుకని అడగలేదు.

"అక్కడి గాలి తడా పొడా?"

"పొడే."

చట్రం ఓడలో వచ్చింది. బడిలో చలికి వేసే వేడికి వారం తిరక్కుండానే చెక్క ముడుచుకుపోయి కీళ్లు విడిచాయి. అందులో బిగించిన పలక చిట్లింది.

"పొడి అన్నావు. రొట్టె కాల్చే పొయ్యి అనలేదు," అన్నాడు తండ్రి ఫోనులో.

ఆ తర్వాత ఆయన అక్కడ చెక్క కోయడం, ఈమె ఇక్కడ గాజు పోయడం, మధ్యలో ఫోను. అంతకుముందు తండ్రీకూతుళ్లు అంతగా మాట్లాడుకున్నది లేదు. అన్నం తిన్నావా అని కూడా అడగని మనిషి చెక్క గురించి గంటలు చెప్పేవాడు. చెక్క వానాకాలం లావెక్కుతుంది, చలికాలం చిక్కుతుంది. మన వైపు ఇంటికప్పు మీద మంచు కూర్చుంటే దూలం వంగుతుంది, దూలంతోపాటు తలుపు పైగాడీ కిందికి దిగుతుంది. అందుకే తలుపు నెత్తిన ఎప్పుడూ కాస్త సందు వదలాలి. తొకుజిరో దాన్ని మంచు వాటా అనేవాడు.

"అది మనది కాదు, దానిది. ఉంచితే వచ్చి కూర్చుని పోతుంది. లేకపోతే లాక్కుంటుంది."

"కాగితం తలుపుకి ఉంచకపోతే?"

"బిగుసుకుంటుంది. కాగితం ముడతపడుతుంది. ఇంటావిడ తిడుతుంది. నీ గాజైతే తిట్టేదాకా కూడా ఆగదు."

చదువు చివర చిగుసా పెట్టిన ప్రదర్శనలో ఒక్క తలుపే ఉంది. తండ్రి చట్రం, కూతురి గాజు. ద్రహొమీరా దాని ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు, "ఇది ఇక్కడ ఉండాల్సింది కాదు, ఇంటికి తీసుకుపో," అంది. మెచ్చుకుందో, పొమ్మందో చిగుసాకి అప్పుడు తెలియలేదు.

ఇంటికి వచ్చాక ఆ ఏడంతా గాజు తలుపు కావాలని ఎవరూ అడగలేదు. ఊళ్లో సారా అంగడిలో కూర్చునేవాళ్లు తొకుజిరో దారిన పోతుంటే పిలిచేవాళ్లు.

"మేస్త్రీ, మీ అమ్మాయి స్నానాల గది ఎంతవరకు వచ్చింది?"

ఆయన తల ఊపి వెళ్లిపోయేవాడు. కివా ఆ మాటని ఊరంతా పంచిపెట్టిందని చిగుసాకి తెలుసు. తండ్రి ఆ వీధి మానేసి పొలంగట్ల మీంచి తిరిగి రావడం మొదలుపెట్టిన సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు కొండకింది గుడివాళ్లు అతిథులకోసం తోటవైపు ఒక గది కట్టించారు. తోటకి ఎదురుగా నాలుగు జారుడు తలుపులు కావాలి. గుడి గురువుగారి భార్య సొనొయే అక్కడ తేనీటి విద్య, అంటే అతిథుల ముందు తేనీరు కలిపి ఇచ్చే పద్ధతి, నేర్పేది. ఆవిడ మాట ఆ చుట్టుపక్కల గుళ్లన్నిటా చెల్లేది. తలుపుల పని తొకుజిరోదే, అందులో అనుమానం లేదు. ఆయనే కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి, గాజు మాట ఎత్తాడు.

"గాజంటే మెరుస్తుంది కదమ్మా," అంది సొనొయే. "మా గదిలో మెరవడానికి గిన్నెలో నీళ్లు చాలు."

"ఇది మెరవదండీ."

"మెరవనప్పుడు గాజెందుకు, కాగితముందిగా?"

చిగుసా ఒక పలక ఆవిడ ముందు చాప మీద పెట్టింది. "కాగితం వెలుతురు రాగానే లోపలికి పంపేస్తుందండీ. ఇది కాసేపు తన దగ్గర ఉంచుకుని పంపుతుంది."

"మా ఆయనలాగా అన్నమాట. పొద్దున అడిగితే సాయంత్రానికి చెబుతాడు." సొనొయే నవ్వింది. తర్వాత పలకని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు దించలేదు. "గుడి పెద్దలు ఒప్పుకోరు. నేను ఒప్పిస్తాను. కానీ ఒక్క చలికాలం నిలబడాలి. నిలబడితే మందిరం వరండా తలుపుల పనంతా మీదే. మిగతా గుళ్లవాళ్లు మమ్మల్ని చూసి అడుగుతారు. నిలబడకపోతే ఇంకెవరూ అడగరు, అది కూడా చెబుతున్నాను."

ఆ మాట చిగుసా ఎముకల్లోకి దిగింది. ఒక చలికాలం. ఆ వేసవి అంతా పెరటి పాకలో కొలిమి ఆరలేదు. పలకలు లోపల నిద్రపోతూ చల్లారుతుంటే ఆమె బయట మెట్టు మీద కూర్చుని, పసిపిల్ల ఊపిరి వినేదానిలా, కొలిమి చప్పుడు వినేది. పక్క షెడ్డులో తండ్రి చట్రాలు అల్లేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని, పచ్చడి ముక్కలతో అన్నం తిని, మాట్లాడకుండా మళ్లీ ఎవరి పనికి వాళ్లు లేచేవాళ్లు. తన జీవితంలో సంతోషంగా ఉన్న కాలం ఏదంటే చిగుసా తర్వాత్తర్వాత కూడా ఆ వేసవినే తలుచుకునేది. తలుచుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చేది.

ఆకులు ఎరుపెక్కాక తలుపులు గుడికి చేరాయి. తొకుజిరో ఒక్కొక్కటీ ఎత్తి పైగాడిలో దూర్చి, కిందిగాడిలో దించాడు. నాలుగూ కలిసి మూసుకున్నప్పుడు చప్పుడు రాలేదు. తోట మాయమై, తోట వెలుతురు మాత్రం గదిలో మిగిలింది. చిగుసా తలెత్తి చూసింది. తలుపు నెత్తిన మామూలుగా కనబడే సన్నటి వెలుతురు గీత లేదు. చట్రం పైకమ్మీ గాడి నిండా కూర్చుంది.

చూసింది. నోటిదాకా వచ్చింది. కానీ యాభై ఏళ్లుగా తలుపులు బిగిస్తున్న మేస్త్రిని, ఆయన సాయగాళ్ల ముందు, సందు వదిలావా అని కూతురు అడగడం ఆ మైదానంలో ఎక్కడా లేదు. పైగా అది అందంగా ఉంది. తలుపు చేసినట్టు కాక, గోడకి అక్కడ నిద్ర పట్టినట్టు ఉంది. నాన్నకి తెలియదా అనుకుని ఊరుకుంది.

కార్తెలు మారి, తేనీటి గదుల్లో చలికాలపు పొయ్యి తెరిచే రోజు వచ్చింది. అది తేనీటివాళ్లకి సంవత్సరాది. సొనొయే ఊరి పెద్దలందరినీ ఆ గదిలోకే పిలిచింది. సారా అంగడిలో ఎగతాళి చేసినవాళ్లూ మోకాళ్ల మీద కుదురుగా కూర్చున్నారు. చాలాసేపు పొయ్యి మీది కెటిల్ ఒక్కటే సన్నగా మోగింది. తర్వాత గుడి పెద్దల్లో అందరికంటే పెద్దాయన, బియ్యం మిల్లు కన్‌జో, తలెత్తి చూశాడు.

"పైన గీత కూడా లేదు. మేస్త్రీ, ఇవి బిగించారా, మొలిపించారా?"

తొకుజిరో నుదురు చాపకి తగిలేలా వంగి దండం పెట్టాడు. లేచినప్పుడు ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. ఇంటికి వెళ్లేటప్పుడు పొలంగట్ల మీంచి కాదు, సారా అంగడి ముందునుంచి నడిచాడు. చిగుసా రెండడుగులు వెనక నడుస్తూ ఆ వీపునే చూసింది.

అప్పటికి కొన్నేళ్లుగా మంచు సరిగా పడటంలేదు. చలికాలం వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, పలకరించి పోయేది. ఆ ఏడు అలా పోలేదు. కొత్త సంవత్సరం పిండివంటలు తిన్నాక మొదలై, ఆకాశం తనని తాను తురుముకుంటున్నట్టు కురిసింది. కప్పుల మీద ఎక్కి తోసేవాళ్లు తోస్తూనే ఉన్నారు. తోసినచోట మళ్లీ కూర్చుంటూనే ఉంది. ఇంట్లో తలుపుల నెత్తిన సందులు ఒక్కొక్కటీ సన్నబడుతుంటే చిగుసా తండ్రి వైపు చూసింది. ఆయన టీ గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

మధ్యాహ్నం సొనొయే ఫోన్ చేసింది. "ఒకసారి ఇద్దరూ రండి," అంది. ఫోను పెట్టేసింది.

గదిలో గుడి పెద్దలు అప్పటికే ఉన్నారు. పొడవాటి పైగాడి నడుమ దిగి, మధ్య రెండు తలుపుల నెత్తిన కూర్చుంది. ఆ రెండింటి గాజులోనూ పై మూలనుంచి కిందికి, ఎవరో వెంట్రుక అతికించినట్టు, గీతలు. వాళ్లు చూస్తుండగానే ఇంకో పలక చిన్న చప్పుడు చేసింది. చెరువు మీద మంచుపొర మీద కాకి వాలితే వచ్చేలాంటి చప్పుడు.

"మేస్త్రీ గారూ," అంది సొనొయే, "మీరే చెప్పండి. ఏమైంది?"

తొకుజిరో తలుపు దగ్గరికి వెళ్లాడు. పైగాడికీ చట్రానికీ మధ్య గోరు పెట్టబోయాడు. గోరు దూరలేదు. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. చిగుసా ఆ చేతినే చూస్తూ నిలబడింది. ఆయన అనాల్సింది ఒక్కటే, నేను మంచు వాటా వదల్లేదు. నాలుగు మాటలు. చట్రాలు కాస్త చిత్రిక పట్టి, కొత్త పలకలు పోస్తే, వచ్చే చలికాలానికి గది మళ్లీ నిలబడుతుంది. ఆ నాలుగు మాటల అవతల మందిరం వరండా ఉంది, మిగతా గుళ్లు ఉన్నాయి, ఆమె మిగిలిన బతుకంతా ఉంది.

"మన ఇళ్లు కదులుతాయండీ," అన్నాడు తొకుజిరో తలుపు వైపే తిరిగి. "గాజు కదలదు. గాజు మన ఇళ్లకి అలవాటు పడదు."

"అదే కదా మేం మొదటినుంచీ మొత్తుకున్నది," అన్నాడు కన్‌జో.

సొనొయే చిగుసా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది. పని చేసినవాళ్లు ఇప్పుడు ఏదో ఒకటి అనాలి. నాన్న చట్రం తప్పు అంటే అది నిజం. ఆ నిజం సాయంత్రానికి సారా అంగడికి చేరుతుంది. మంచుదేశపు తలుపుల మేస్త్రి మంచుని మరిచాడట, అని చలికాలమంతా నవ్వుకుంటారు. చిగుసా తండ్రికి ఇంకొక్క క్షణం ఇచ్చింది. ఇంకొకటి. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చేతులు ముందుకు చాపి, నుదురు చాపకి ఆనించింది.

"క్షమించండి. నా గాజు తప్పు."

"లేవమ్మా, లే," అంది సొనొయే. "నేర్చుకునే వయసు. మంచు కరిగాక కాగితం పెట్టుకుందాం. మీ నాన్నగారి చట్రాలకి ఏం, బంగారంలా ఉన్నాయి."

మంచు కరిగి పొలాల్లోకి నీళ్లు వదిలిన రోజుల్లో చట్రాలు తిరిగి షెడ్డుకి వచ్చాయి. చిగుసా పలకలు ఒక్కొక్కటీ ఊడదీసి గోనెలో వేసింది. తొకుజిరో మొదటి చట్రాన్ని బల్ల మీద పెట్టాడు.

"గట్టిగా పట్టుకో."

పట్టుకుంది. కాగితం అంటించడానికి గంజి కలుపుతాడనుకుంది. ఆయన చిత్రిక తీశాడు. పై కమ్మీ అంచు మీద ఒకసారి నడిపాడు. దేవదారు పొర ఉల్లిపొరలా లేచి చుట్టుకుని నేల మీద పడింది. బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. మళ్లీ నడిపాడు. షెడ్డంతా పచ్చి చెక్క వాసన. ఆయన ఏం చేస్తున్నాడో చిగుసాకి రెండో పొర పడేదాకా అర్థం కాలేదు.

"ఇప్పుడు వాటా వదులుతున్నావా నాన్నా?"

ఆయన పొట్టు ఊదేశాడు.

"అప్పుడెందుకు వదల్లేదు?"

"ఈమధ్య మంచు ఎక్కడ పడుతోందిలే అనుకున్నా." చిత్రిక కత్తిని ఎండకి ఎత్తి చూసుకున్నాడు. "పైన గీత కనబడితే, అదుగో సందు అనేవాళ్లు. వాళ్ల నోళ్లు మూతబడాలనుకున్నా. నీ పనిలో వంక దొరక్కూడదనుకున్నా."

"నాకోసమా?"

"నీకోసం కూడా."

"మరి ఆరోజు ఆ మాట అక్కడ అనొచ్చుగా."

"నాకు డెబ్బై దాటాయి. ఈ చేతులు ఇంకెన్నాళ్లు ఆడతాయి చెప్పు. ఈ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో నా తలుపు ఉంది. వాళ్లు రోజూ పొద్దున నా తలుపు తెరుచుకుని బయటికొస్తారు. నువ్వు చదువుకున్నదానివి. మళ్లీ మొదలుపెట్టుకోగలవు."

"ఎక్కడ?"

"తిప్పు," అన్నాడు. చిగుసా చట్రాన్ని తిప్పి పట్టుకుంది. తిప్పకుండా ఉండగలిగేదే. చేతులు ఆమెని అడక్కుండానే తిప్పాయి.

మిగతా గుళ్లవాళ్లు ఎవరూ అడగలేదు. చిగుసా తొయామా పట్నంలో, పర్యాటకులు తమ గిన్నె తామే ఊదుకునే గాజుశాలలో పనికి కుదిరింది. వాళ్లు గొట్టంలోకి ఊదుతుంటే వెనక నిలబడి ఆమె గొట్టం తిప్పుతుంది. గిన్నె వంకరపోకుండా ఉండేది ఆ తిప్పడంవల్లే. చేసింది తామేనని వాళ్లు ఫోటోలు తీసుకుని సంతోషంగా వెళ్తారు. మెరిసేవి కావాలంటారు, నీలం, ఎరుపు. ఒకసారి ఇళ్ల నమూనాలు గీసే కుర్రాడొకడు చేతులు కడుక్కుంటూ, పాతకాలపు ఇంటికి గాజు తలుపులు పెట్టాలని ఉందన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"అవదులెండి. తొనామి వైపు వడ్రంగులు చెబుతారు కదా, గాజు మన ఇళ్లకి అలవాటు పడదని."

"ఎవరు చెప్పారు?" అంది చిగుసా.

"అందరూ అంటారు. ఎవరో పెద్ద మేస్త్రి మాటట."

ఆమె గిన్నె అతనికి కాగితంలో చుట్టి ఇచ్చింది.

కొన్నేళ్లకి తొకుజిరో ఒక వానాకాలంలో పోయాడు. చెక్కలన్నీ లావెక్కి, ఊళ్లో తలుపులన్నీ బరువుగా జరుగుతున్న రోజులు. దహనం అయ్యాక ఇంట్లో భోజనాలు పెట్టారు. కివా చాలా ముసలిదైపోయింది. వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పి ఏడుస్తోంది, మా అన్న చేసిన తలుపు ఏనాడూ బిగుసుకోలేదు అని. గుడి పెద్దలు ఒక వరసలో కూర్చున్నారు. చిగుసా సారా జాడీ పట్టుకుని ఒక్కొక్కరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని పోసుకుంటూ వచ్చింది. సొనొయే దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆమె మణికట్టు పట్టుకుంది.

"మీ నాన్నగారు చాలా పెద్ద మనసున్న మనిషి తల్లీ. ఆ గాజు సంగతి అంత జరిగిందా, తర్వాత ఎన్నిసార్లు మా ఇంటికి వచ్చారో. నీ తప్పు గురించి ఒక్కసారి కూడా నోరెత్తలేదు."

అందరూ వింటున్నారు. కన్‌జో గిన్నె కిందపెట్టి, అవునవునని తల ఊపాడు. చెప్పాలంటే ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు. నవ్వితే బాధపడే మనిషి లేడు. చెబితే నిలబడే గది కూడా లేదు. కొలిమి ఎప్పుడో అమ్మేశారు. ఆ చేతులు ఇప్పుడు గుండ్రటి గొట్టం తిప్పడానికి అలవాటుపడ్డాయి. నిజం ఆమె నాలుక మీద గులకరాయిలా ఉంది, నున్నగా, చల్లగా, ఎవరికీ పనికిరాకుండా.

"అవునండీ," అంది చిగుసా. "ఒక్కసారి కూడా ఎత్తలేదు."

సొనొయే కళ్లు ఒత్తుకుని గిన్నె ముందుకు చాపింది. చిగుసా పోసి, పక్కవాళ్ల ముందుకు జరిగింది.